అన్నయ్య దగ్గర్నుంచి వచ్చిన జలుబు

అలా కాదు అమ్మలూ, డాక్టరమ్మ దగ్గర మొదలుపెట్టకు, గవర్రాజు ముక్కు దగ్గర మొదలుపెట్టు. ఇదంతా బయలుదేరింది ఆ ముక్కులోంచే. నేను మెల్లగా చెబుతాను, నువ్వు మెల్లగా రాయి. మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి, నాకొచ్చిన మాటలే రాయి, నీ కాలేజీ మాటలు కలపకు. చివర్లో నువ్వెప్పుడూ వినని సంగతి ఒకటుంది. అక్కడికొచ్చాక పెన్ను పక్కన పెట్టి నా మొహంలోకి చూడకు. రాస్తూనే ఉండు.

నువ్వు హాస్టల్లో ఉండగా, ఆషాఢమాసంలో, హైదరాబాదు నుంచి జలుబు మీద పరిశోధన చేసేవాళ్ళు మన గోరింకలపాలెం వచ్చారు. పంచాయతీ ఆఫీసు వెనక గది తీసుకుని ఫ్రిజ్జులూ, గాజు గొట్టాలూ, బీరువా అంత మిషనొకటీ దింపారు. వాళ్ళ డాక్టరమ్మ పేరు మెహరున్నీసా. ముప్పయ్యేళ్ళుంటాయేమో. జలుబుకి టీకా కనిపెట్టాలంటే ముందు జలుబు ఒక ఊళ్ళో ఎలా నడుస్తుందో, ఎవరింటి నుంచి ఎవరింటికి వెళుతుందో తెలియాలట. అందుకని ఒక కొత్త జలుబు తయారుచేసి సీసాలో పెట్టుకుని మరీ తెచ్చింది. మా ఊళ్ళో జలుబుకేమన్నా కరువొచ్చిందా అని సర్పంచి సీతారత్నం అడిగింది కూడా.

అదేం జలుబో డాక్టరమ్మ ఒక తెల్లకాగితంతో చూపించింది. ముందు వరసలో కూర్చున్నవాడికి ఆ కాగితమిచ్చి, బొటనవేలి ముద్ర వేసి పక్కవాడికి అందించమంది. అలా చేతులు మారి మారి అది వెనక గోడ దాకా వెళ్ళింది. మళ్ళీ తెప్పించి చదివింది. ముందు ఈ ముద్ర, దాని తరవాత ఇది, ఆ తరవాత ఇది. కాగితం ఎవరి చేతుల మీదుగా నడిచిందో అంతా అందులోనే ఉంది. ఈ జలుబు పురుగూ అంతేనట. ఎవరి ఒంట్లోకి వెళితే వాళ్ళ ముద్ర ఒకటి తన మీద వేయించుకుని ఇంకొకరి దగ్గరికి పోతుంది. చివరివాడి ముక్కులో దూదిపుల్ల పెట్టి తీసి ఆ మిషన్లో వేస్తే, మొదటివాడి నుంచి వరసగా అందరి ముద్రలూ బయటపడతాయి. మూడు నాలుగు రోజుల తుమ్ములు తప్ప ప్రాణానికేమీ కాదంది. మేమంతా వేలికంటిన సిరా ఎవరి పంచెకి తుడవాలా అని చూసుకుంటున్నాం తప్ప ఆమె ఏం చెబుతోందో ఒక్కరికీ బుర్రకెక్కలేదు. ఎక్కి ఉంటే అక్కణ్ణుంచే లేచి పారిపోయేవాళ్ళం.

మొదట ఎవరి ముక్కులో వెయ్యాలన్న మాట వచ్చింది. రోజూ ఊరందరి మొహం చూసేవాడు కావాలి. పిండిమర గవర్రాజు ఎవరూ అడక్కుండానే లేచాడు. ఊరి కోసమంటూ తువ్వాలు తలకి చుట్టి, బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. రెండు చుక్కలు వేశారు. మూడో రోజుకల్లా మర చప్పుడు కన్నా వాడి తుమ్మే పెద్దదైంది. పిండికి వెళ్ళినవాళ్ళు పిండితో పాటు జలుబూ తెచ్చుకున్నారు.

పేర్లు బయటపడకూడదని డాక్టరమ్మ ఒక్కొక్కరికీ నంబరున్న కార్డిచ్చింది. ఎవరి నంబరు వాళ్ళే దాచుకోవాలని మరీ మరీ చెప్పింది. పాపం, మన ఊరి సంగతి ఆమెకేం తెలుసు. గేదె చెవికేసిన నంబరు కూడా టీ కొట్టులో చెప్పుకునే మనుషులం. సాయంత్రానికల్లా ఎవరిదెంతో అందరికీ కంఠతా వచ్చేసింది. నాది నలభై రెండు. తొమ్మిదో నంబరు కలిసొచ్చే నంబరని దాన్ని మార్చుకోవడానికి గవర్రాజు కూతురు రోహిణి వెంట ఇద్దరు తిరిగారు కూడా.

మూడు వారాలు రోజు విడిచి రోజు ముక్కుల్లో దూదిపుల్లలు పెట్టారు. జలుబు అంటినవాళ్ళూ అంటనివాళ్ళూ అందరూ ముక్కు చూపించాల్సిందే. ఆఖరికి ఒక మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసు గోడకి చార్టు అంటించారు. నంబర్లూ, నంబరుకీ నంబరుకీ మధ్య బాణాలూ. ఊరికి కృతజ్ఞతగా అంటించామంది డాక్టరమ్మ.

అరగంటలో ఊరి పరువు బాణాల మీదికెక్కింది. బజ్జీలు తింటే కడుపు పాడవుతుందని పిల్లల్ని వాయించే డ్రిల్లు మాస్టారికి జలుబు వచ్చింది బజ్జీల బండి నుంచి. సర్పంచి సీతారత్నం, ఎన్నికల్లో ఆమె మీద ఓడిపోయిన చిట్టెమ్మ వీధిలో ఎదురైతే మొహాలు తిప్పుకుంటారు కదా, వాళ్ళ మధ్య బాణం తిన్నగా పడింది. మధ్యాహ్నాలు వెనక గుమ్మంలోంచి వెళ్ళి కలిసి సీరియల్ చూస్తున్నారట. ఇక తొమ్మిదో నంబరు రోహిణి నుంచి ముప్పై ఒకటికి బాణం. ముప్పై ఒకటి లైన్‌మన్ ఫణీంద్ర. వాడు తమ ఇంటికి కరెంటు పని మీద కూడా ఎప్పుడూ రాలేదని గవర్రాజు ఆ ముందు రోజే ఎవరితోనో అన్నాడు. తన ముక్కులోంచి బయలుదేరిన జలుబు తన కూతురి గుట్టు తెచ్చి గోడ మీద పెట్టింది. గవర్రాజు చార్టు ముందు నిలబడి మూడుసార్లు తుమ్మాడు.

నేను వెనకాల నిలబడి కడుపుబ్బ నవ్వుతున్నాను. అప్పుడు ఎవరో నా భుజం తట్టి నలభై రెండు చూడమన్నారు. చూశాను. నలభై రెండుకి బాణం పదిహేను కాదు, పదహారు కాదు, పదిహేడు నుంచి వచ్చింది.

పదిహేడు మీ పెదతాత. నా అన్నయ్య భీమలింగం. కాలవ అవతల ఉంటాడు. మా ఇద్దరికీ మాటలు లేక పందొమ్మిదేళ్ళు.

ఎందుకు లేవో నీకెవరూ చెప్పి ఉండరు. మేమిద్దరం సన్నాయి జోడీ. డోలు మోగే ముందు జనం అన్నయ్య సన్నాయి కోసం చెవులిటు పెట్టేవాళ్ళు. సన్నాయి చివర నోట్లో పెట్టుకునే రెల్లు ముక్క ఉంటుంది, మేం దాన్ని పీక అంటాం. సన్నాయి ఎంత మంచిదైనా పీక మంచిది కాకపోతే ఒట్టి కర్ర. అన్నయ్య తన పీకలు తనే చేసుకునేవాడు. రెల్లు ఉడకబెట్టి, ఎండబెట్టి, చివర రెండు పెదాల్లా నొక్కి, దారం చుట్టి, నోట్లో పెట్టి తడిపి రెండు స్వరాలు చూసుకునేవాడు. ఆయన పీక ఇంకొకరు ముట్టకూడదు. ఎంగిలి సంగతి ఒక్కటే కాదు, ఇంకో నోరు పడితే దాని పలుకు మారిపోతుందని ఆయన నమ్మకం.

పందొమ్మిదేళ్ళ కిందట ఒక పెద్ద పెళ్ళి. తాళి కట్టే క్షణం, గట్టిమేళం మొదలవ్వాలి, అన్నయ్య ఊపిరి బిగించి సన్నాయి ఎత్తాడు. ఎత్తి తుమ్మాడు. ఒక్క తుమ్ము. పెళ్ళికొడుకు చేతిలో తాళి అలాగే ఆగిపోయింది. ఒంటి తుమ్ము అపశకునం, తాళి కట్టించేది లేదని పెళ్ళికూతురి తరఫువాళ్ళు పట్టుబట్టారు. ఇంకో ముహూర్తం నాలుగు గంటలకి గాని లేదు. భోజనాలు చల్లారిపోయాయి, బంధువులు తిట్టుకున్నారు. ఆ తరవాత అన్నయ్యని ఏ పెళ్ళివారూ పిలవలేదు. ఆయన సన్నాయికి గుడ్డ చుట్టి అటక మీద పెట్టేశాడు. నాకు జలుబుగా ఉండగా తన పీక నోట్లో పెట్టుకున్నానని, తనకి నా జలుబే అంటిందని ఊరందరి ముందూ అన్నాడు. నేను నా సన్నాయి కళ్ళకద్దుకుని దాని మీద ఒట్టేశాను, ముట్టలేదని. అంతే, ఇల్లు రెండైంది.

ఇప్పుడు చార్టు చూశాక ఊరంతా నా వెంటపడింది. చాటుగా అన్నయ్యని కలుస్తున్నావట కదా, మాతో చెబితే ఏం పోయిందని ఒకరు, కాలవ దాటడం ఎవరూ చూడకుండా ఈదుకుంటూ వెళుతున్నావా అని ఇంకొకరు. నాకు ఒళ్ళు మండి సన్నాయీ పీకల డబ్బా చంకన పెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మీ మామ్మా వెనకే వచ్చింది. మిషను అబద్ధం చెబుతోందన్నాను. ఆమె కాగితాలు మళ్ళీ చూసి, మెల్లగా చెప్పింది.

"తాతగారూ, మిషను తప్పే చెయ్యదని నేననను. కానీ మూడుసార్లు చేశాం. మీ ఇద్దరి ముద్రల మధ్య ఇంకో మనిషి లేరు. ఆయన నోటి నుంచి తిన్నగా మీకే వచ్చింది."

పందొమ్మిదేళ్ళుగా ఆయన గుమ్మం తొక్కలేదన్నాను. కావాలంటే ఈ సన్నాయి మీద ఒట్టు అని దాన్ని ఎత్తి కళ్ళకద్దుకున్నాను. ఆమె చూపు సన్నాయి చివర ఆగింది.

"అది నోట్లో పెట్టుకుంటారా?"

పీక సంగతి చెప్పాను. రాజమండ్రిలో ఒక కొట్టువాడు చేస్తాడని, మీ మామ్మ తెప్పిస్తుందని, ఎండితే చీలిపోతాయి గనక తడిగుడ్డలో చుట్టి డబ్బాలో ఉంచుతామని చెప్పాను. డబ్బాలో నేనింకా ముట్టని కొత్త పీక ఒకటి ఉంది. డాక్టరమ్మ దాని మీద దూదిపుల్ల రాసి మిషన్లో వేసింది. తడి వల్ల పురుగు బతికి ఉందట. పొడిగా ఉండి ఉంటే ఎప్పుడో చచ్చేదట. రెండు గంటలయ్యాక కాగితం బయటికొచ్చింది. చివరి ముద్ర పదిహేడు.

రాజమండ్రి కొట్టువాడికి మా అన్నయ్య ముద్ర ఎలా వచ్చిందా అని నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను అమ్మలూ. నా బుర్ర అంత మెల్లగా నడుస్తుంది. డాక్టరమ్మ నా వైపు చూడటం మానేసి మీ మామ్మ వైపు చూస్తోంది.

"నేనేనండి," అంది మామ్మ. "పదిహేనేళ్ళ నించీ. రాజమండ్రీ లేదు, కొట్టూ లేదు. బావగోరే చేసిస్తన్నారు."

మామ్మ కొంగు సర్దుకుని ఇంకా చెప్పింది.

"మీరు కొన్న పీకల్తో వాయిత్తంటే పెళ్ళికొడుకు తాళి కట్టడం ఆపేసి మీ వంక చూసేవోడు. నేనెన్నాళ్ళని చూడనండి? ఓ రోజు ఎల్లి గుమ్మంలో నిలబడ్డాను. బావగోరేం అడగలేదు. ఓ పీక తడిపి, చూసి, డబ్బాలో ఎట్టి ఇచ్చేరు. వాడికి సెప్పకన్నారు."

ఆ పదిహేనేళ్ళూ నేనేం చేశానో తెలుసా? ఆ కొట్టువాడెవడో గాని మహానుభావుడని భోజనం దగ్గర పొగిడేవాణ్ణి. ఈసారిది కొంచెం బిగుతుగా ఉందని చెప్పమనేవాణ్ణి. తరవాతిది కొంచెం వదులుగా వచ్చేది. పోయిన ఏడాది వానల్లో తడిసి నా గొంతు పాడైతే, ఊపిరి తక్కువ పట్టే పీక ఒకటి అడక్కుండానే వచ్చింది. కొట్టువాడికి నా గొంతు సంగతి ఎలా తెలిసిందని ఒక్కసారన్నా అనుకోలేదు.

ఇంటికొచ్చి, సన్నాయికున్నదీ డబ్బాలోదీ, ఆ పీకలు రెండూ చెప్పుతో తొక్కేశాను. ఎందుకు తొక్కానంటే, మోసం చేశారని మీ మామ్మతో అన్నాను. అది నిజం కాదు. నిజమేమిటో చివర్లో చెబుతానన్నాను కదా, రాస్తూ ఉండు.

ఆ చార్టు వల్ల ఊరు ఊరులా లేకుండా పోయింది. ఒకరి గుమ్మంలో ఒకరు టీ తాగడం మానేశారు. పిండికి వచ్చినవాళ్ళు డబ్బా మర దగ్గర పెట్టేసి దూరంగా వెళ్ళి నిలబడుతున్నారు. సీతారత్నం ఒక్కతే సీరియల్ చూడలేక టీవీ కట్టేసింది. డాక్టరమ్మ ఒక సాయంత్రం తనే నిచ్చెన వేసుకుని చార్టు చింపేసింది. ఇంక ముక్కులు ఇవ్వబోమని ఊరు తీర్మానం చేస్తే, సరేనని సీసాలు సర్దుకుంది. వెళ్ళేముందు మన అరుగు మీద కూర్చుని, ఊరికి ఇంత నష్టం చేస్తానని అనుకోలేదని కళ్ళు తుడుచుకుంది. మామ్మ ఆమెకి మిరియాల చారు పోసింది. ఆమెకీ జలుబు పట్టేసింది మరి.

ఇంతలో గవర్రాజు మనసు మార్చుకుని రోహిణికీ ఫణీంద్రకీ శ్రావణంలో లగ్నం పెట్టించాడు. ఊరంతా రావాలని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. సన్నాయి నాదే. నిన్న సాధన చేస్తుంటే నువ్వే విన్నావుగా, కొట్లో కొన్న పీకతో. మేకపిల్ల అరుస్తోందనుకుని పక్కింటి పాప చూడ్డానికొచ్చింది. ఈ పెళ్ళిలో గట్టిమేళం సరిగ్గా మోగకపోతే గవర్రాజు మళ్ళీ తల ఎత్తుకోలేడు. నా పరువు సంగతి సరేసరి.

అందుకని మొన్న నేనే కాలవ దాటాను. ఈసారి వంతెన మీదుగానే, అందరూ చూస్తుండగా. అన్నయ్య వసారాలో కూర్చుని రెల్లు చెక్కుతున్నాడు. కళ్ళకి శుక్లాలు, వేళ్ళతో తడుముకుంటున్నాడు. అడుగుల చప్పుడుకే తెలిసిపోయింది నేనని.

"కూకో," అన్నాడు. "మొన్నటిది బిగుతుగా ఉందన్నావంటగా."

"కొంచెం, అన్నయ్యా."

"ఈసారి తగ్గిత్తానులే. పెళ్ళి ముందురోజు సాయంత్రానికి ఇత్తాను."

పందొమ్మిదేళ్ళ తరవాత మా మొదటి మాటలు అవి. తరవాత ఆయన చాకు కింద పెట్టాడు.

"ఒరే కోటీ, ఓ మాట. ఆ రోజు జలుబు నీ దగ్గర్నించే అంటుకుందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. మొన్న ఆ చార్టులో నాకెవరంటించేరో చదివించుకున్నాను. గవర్రాజంట. పిండికెల్తే జలుబొచ్చింది. అప్పుడూ అలాగే ఎవడి దగ్గర్నించో వచ్చుంటాది. నువ్వు సన్నాయి మీద ఒట్టేసినా నేన్నమ్మలేదు. వొట్టి పుణ్యానికి నిన్ననేశాన్రా. మనసులో ఎట్టుకోకు."

నాకన్నా ఆరేళ్ళు పెద్దవాడు. అని, రెండు చేతులూ ఎత్తబోయాడు. నేను గబుక్కున ఆ చేతులు పట్టుకున్నాను. పట్టుకుని ఏమన్నానో తెలుసా అమ్మలూ? పోనీలే అన్నయ్యా, అన్నాను. పెద్ద మనసు చేసుకుని క్షమించేవాడిలా అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను లేచి వచ్చేశాను.

ఇదిగో, ఇదే ఆ సంగతి. పెన్ను ఆపకు.

ఆ రోజు నేను ముట్టాను. పెళ్ళికి రెండు రోజుల ముందు, పెళ్ళికూతుర్ని చేసిన రోజున, అన్నయ్య భోజనానికని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. నాకు ముక్కు దిబ్బడ, నా పీక చీలిపోయింది. ఆయన సన్నాయి చాప మీద ఉంది. ఆ పీకలో ఏముందో, జనం ఆయన వైపే ఎందుకు చూస్తారో తెలుసుకుందామని ఒక్కసారి నోట్లో పెట్టుకున్నాను. రెండు స్వరాలు పలికించాను. ఎంత బాగా పలికిందో. తుడిచి పెట్టేశాను. రెండో రోజున ఆయన తుమ్మాడు. ఆ రోజుల్లో ఆ మిషన్ ఉండి ఉంటే రెండే ముద్రలు పడేవి. కోటిలింగం, భీమలింగం. మధ్యలో ఎవరూ లేరు.

అబద్ధపు ఒట్టేసింది నేను, సన్నాయి మానేసింది ఆయన. మానేసి, నన్ను తిట్టుకుంటూనే నాకు పీకలు చేసి పంపాడు. చెప్పుతో తొక్కింది అందుకే. వాటిని చూడలేకపోయాను.

రేపు పొద్దున్న ఏడుంపావుకి ముహూర్తం. ఇప్పుడు నువ్వు వంతెన దాటి వెళ్ళి ఇది మొత్తం పెదతాతకి చదివి వినిపించు. నాకు ఎదురుగా చెప్పే నోరు లేదు. మొన్న చూసుకున్నాను కదా, లేదు. కుడి చెవి పక్కన కూర్చో, ఎడమది వినపడదు. బజ్జీల దగ్గర నవ్వుతాడు, నవ్వనియ్యి. ఒట్టు దగ్గర మాత్రం గొంతు తగ్గించకు, మాట మింగకు.

చదవడం అయ్యాక ఏమంటావని ఆయన్ని అడక్కు. రేపటి పీక ఒకటి ఇస్తానన్నాడు, అదొక్కటే అడుగు. నోట్లో పెట్టి తడిపి, రెండు స్వరాలు చూసి ఇచ్చాడా, ఇదిగో తడిగుడ్డ, ఇందులో చుట్టి డబ్బాలో పెట్టుకుని రా. పొడిగా ఇచ్చాడా, మారు మాట్లాడకుండా పొడిగానే తీసుకురా. నేనే తడుపుకుంటాను.